జీడిపిక్క నూనెయు బ్రేకు పెడలును: ఒక సంవాదము

కార్తికమాసము ప్రవేశించి నాలుగు దినములైన ఒక సాయంకాలమున, కాశీబుగ్గలో నా చిరకాల మిత్రుని జీడి మిల్లు వెనుక పెరటిలో, ఉడికించిన పిక్కల ఆవిరియు కాలుచున్న తొక్కల ఘాటును గాలినిండ క్రమ్ముకొనియుండగా, ఇద్దరు బంధువుల మధ్య జరిగిన యొక వాదమును నేను మొదటినుండి తుదివరకు వింటిని. వారిలో పెద్దవాడు నా మిత్రుడే. టెక్కలి ప్రాంతపు క్వారీలలో తీసిన నీలిరాతి దిమ్మెలను ముప్పది యేండ్లు లారీపై విశాఖపట్టణపు రేవునకు చేరవేసి, కీళ్లు సహకరింపని వయసున స్టీరింగు విడిచి, కూడబెట్టిన సొమ్ముతో ఈ మిల్లు నెలకొల్పుకొన్నవాడు. చిన్నవాడు ఆయన మేనల్లుడు. ఇంజనీరింగు చదివి విశాఖలో ఉద్యోగము చేయుచు, పండుగకును సెలవునకును తన చిన్న కారులో పలాసకు వచ్చి పోవుచుండువాడు.

ఆ కారు 2016వ సంవత్సరమున తయారైన పోలో జీటీ. పైకి చూచినచో సామాన్యమైన ఫోక్స్‌వ్యాగన్ పోలోయే. కాని లోనున్న 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 105 అశ్వశక్తిని పుట్టించును. గేర్లు ఏడు, తమంత తామే మారును. బరువు ఇంచుమించు 1,100 కిలోలు. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ములు. 2022లో మన దేశమున పోలో తయారీ నిలిచిపోయినను, దానిపై మక్కువగల యువకులు పాతవాటిని వెదకి కొని, కన్నబిడ్డలవలె సాకుచున్నారు. ఈ మేనల్లుడు అప్పటికే ఇంజను కంప్యూటరులోని లెక్కలను మార్పించి దాని బలమును ఇంకను పెంచియుండెను. ఇప్పుడు ముందు చక్రములకు నాలుగు పిస్టనుల పెద్ద కాలిపరులను, వెడల్పైన డిస్కులను, వెనుక డ్రమ్ములకు మారుగా డిస్కులను బిగింపదలచి, ఆ మాట మామతో చెప్పవచ్చెను.

మామ: నాయనా, ఫోనులో నీవు చూపిన ఆ ఎఱ్ఱ కాలిపరులు కంటికి ముచ్చటగానే యున్నవి. కాని ఒక్క సంగతి చెప్పుము. ఏ దినమున, ఏ చోట, ఈ కారు ఆగవలసిన తావున ఆగకపోయినది? అది తెలియకుండ నేనేమని చెప్పుదును?

అల్లుడు: చెప్పెదను, మామయ్యా. ఇంతవరకు ఇంటిలో ఎవ్వరికిని చెప్పలేదు. మొన్న శ్రావణములో అమ్మను, చెల్లెలిని అరకు తీసికొనిపోయితిని గదా. తిరుగుదారిలో అనంతగిరి ఘాటు దిగి శృంగవరపుకోట చేరవలెను. అప్పుడే వాన వెలిసినది. ముందొక బస్సు, వెనుక నొక బస్సు, మలుపు వెంట మలుపు. ప్రతి మలుపునకు ముందు బ్రేకు తొక్కుచు దిగితిని. సగము కొండ దిగునప్పటికి ముందు చక్రములనుండి కమరువాసన వచ్చినది. ఇంక నాలుగు మలుపులు దాటునప్పటికి పెడలు మెత్తబడి, కాలిక్రింద నేమియు లేనట్లు లోనికి దిగిపోయినది. రెండు మూడు మారులు వడివడిగా తొక్కగా కొంచెము పట్టు చిక్కెను. కారును కొండవైపునకు చేర్చి, హ్యాండుబ్రేకు లాగి, అరగంటసేపు కదలక కూర్చుంటిమి. అమ్మ ఒక్క మాటయు మాటలాడలేదు. నన్ను తిట్టియుండినను నాకింత బాధ లేకపోవును.

మామ కొంతసేపు మిన్నకుండెను. ఆయన చెల్లెలే ఆ తల్లి.

మామ: అప్పుడు గేరు దేనిలో నున్నది?

అల్లుడు: డీలో. తనంత తానే మారుచుండెను.

మామ: అక్కడనే జరిగినది పొరపాటు. మా లారీవాండ్రలో కొత్తగా స్టీరింగు పట్టిన పిల్లవానికి మొదట చెప్పు మాట, ఏ గేరులో కొండ నెక్కుదువో ఆ గేరులోనే దిగుమని. ఇరువది టన్నుల రాతిని వీపున పెట్టుకొని బ్రేకులతోనే దిగుదునన్నవాని డ్రమ్ములనుండి పొగలు వచ్చుట నేను కన్నులార చూచితిని. నీ కారు గేరును చేతితో రెండవదానికి దించి, ఇంజను చేత బండిని పట్టించియుండినయెడల ఆ కమరువాసనయే పుట్టియుండదు. తప్పు బ్రేకులది కాదు, అల్లుడా.

అల్లుడు: తప్పు నాది కూడనే, కాదనను. కాని లెక్క యొకటి చూడుడు, మామయ్యా. మేము ముగ్గురము, సామానులు కలిసి కారు 1,300 కిలోలనుకొందము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు ఆ బరువును పూర్తిగా ఆపినచో, దానిలోని శక్తి ఐదు లక్షల జౌళ్లు; అదంతయు వేడియై బ్రేకులలో చేరును. ఒకటిన్నర లీటరుకు పైగా నీటిని, బిందెలోని చల్లదనమునుండి తెర్లువరకు కాచుటకు ఆ వేడి చాలును. ఇది ఒక్కమారు ఆగినప్పటి మాట. కొండమీదినుండి ఒక వేయి మీటర్లు దిగుట యనగా అదే బరువునకు 127 లక్షల జౌళ్లు. అనగా 100 వేగమునుండి ఇరువదియైదు మారులు వరుసగా ఆగినంత వేడి. ఇంజను కొంత, గాలి కొంత పుచ్చుకొన్నను, మిగిలినది పోవుటకు చక్రములలోని ఇనుము తప్ప వేఱు చోటు లేదు. ఆ ఇనుము చిన్నదైనచో త్వరగా కాగును. పెద్దదైనచో ఆలస్యముగా కాగును, త్వరగా చల్లారును. నేను పెద్ద డిస్కు కోరుట అందులకే.

నేను ఆ ఘాటు రహదారిని ఎన్నిమారులు దిగితినో లెక్కలేదు. కాని ఇరువదియైదు నిలుపుదలల వేడి నా పాదముక్రింద పోగగుచున్నదని ఒక్కనాడును తలచినవాడను కాను. మాకు పది బారల దూరముననే మిల్లు బాయిలరు బుసలుకొట్టుచుండెను. పిక్కలను ఉడికించు ఆ ఆవిరి యెంత కట్టె కాల్చిన పుట్టునో ఎరిగిన నా మిత్రుడును ఆ లెక్కకు వెంటనే మారు పలుకలేదు. బాయిలరువైపు చూచి, మరల కారువైపు చూచెను.

మామ: వేడి మాట నిజము; నేనొప్పుకొంటిని. కాని నీవు సంవత్సరమున అనంతగిరి ఎన్నిమారులు దిగుదువు? ఒకటి, రెండు. విశాఖకును పలాసకును మధ్య ఎన్నిమారులు తిరుగుదువు? ఏబది. ఆ జాతీయ రహదారిపై కోటబొమ్మాళి దాటినది మొదలు టెక్కలి, నందిగాం, పలాస వరకు నీకు ఎదురగునది కొండ కాదు. మధ్య ఖాళీలోనుండి హఠాత్తుగా అడ్డమువచ్చు ట్రాక్టరు, నాలుగు వరుసలను తీరికగా దాటు గేదెలమంద, దీపము లేని సైకిలు. ఇంక ఉద్దానములోనికి తిరిగితివా, ఇరుప్రక్కల కొబ్బరితోటలు, జీడితోటలు, మొగలిపొదలు. వాటి నడుమ ఒక బండికి సరిపడు బాట. వజ్రపుకొత్తూరునుండి, కవిటినుండి, మందసనుండి వారమునకు రెండుమూడు మారులు డయాలసిస్ చేయించుకొనుటకు కిడ్నీ జబ్బు పడిన మన జనము ఆటోలలో ఎట్లు వచ్చుచుందురో నీకు తెలియదా? 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధనా కేంద్రమును ప్రారంభమైన పిమ్మట ఆ ఆటోలన్నియు ఈ బాటలనే పట్టినవి. అటువంటి ఆటో నీ ముందు నిలిచిపోయినప్పుడు నీవు ఒక్కమారు, ఆ ఒక్కమారే, ఆగవలెను. ఆ ఒక్క నిలుపుదలకు నీ పెద్ద డిస్కు పైసకు కొరగాదు.

అల్లుడు: ఏల కొరగాదు? డిస్కు వెడల్పైనచో పట్టు పెరుగును. తలుపును బందుదగ్గర పట్టి ఆపుటకంటె అంచున పట్టి ఆపుట సులువు కాదా?

మామ: తలుపు ఆగును సరే, ఇల్లు కదలకుండ నిలిచినప్పుడు గదా! నేలను పట్టునది డిస్కు కాదు, టైరు. నీవు ఈ పాత పెడలునే గట్టిగా తొక్కినప్పుడు కాలిక్రింద గడగడమని కొట్టుకొనునా, లేదా?

అల్లుడు: కొట్టుకొనును. అది ఏబీఎస్.

మామ: అనగా నీ పాత బ్రేకే చక్రమును బిగబట్టి నిలిపివేయగలిగినంత బలముగా నున్నది, టైరు ఇంక తాళలేక జారబోవగా ఆ యంత్రము బ్రేకును కొంచెము సడలించుచున్నది. దానిపై ఇంకను బలము చేర్చి ఏమి లాభము? ఆ బలము టైరు దాటి రోడ్డుకు చేరదు.

ఇక్కడ మేనల్లుడు న్యాయముగా నడచుకొనెను. ప్రక్కనున్న లెక్కల పుస్తకపు అట్టమీదనే పెన్సిలుతో గుణించి, మామ చెప్పినది తానే చూపించెను. పొడిరోడ్డుపై మంచి టైరునకు పట్టు 0.8 అనుకొన్నచో, 100 వేగమునుండి బండి దాదాపు 49 మీటర్లలో ఆగును. అరిగి గట్టిబడిన టైరునకు తడిరోడ్డుపై పట్టు 0.5 అయినచో 79 మీటర్లు కావలెను. నడుమ ముప్పది మీటర్లు. అది కాక, అపాయమును చూచి పాదమును బ్రేకుమీదికి తెచ్చులోపల ఒక్క క్షణము గడచినను మఱి 28 మీటర్లు పోవును. ఆ టైర్లు ఏయేటివని నేనడిగితిని. కారుతో వచ్చినవేయని అతడు చెప్పునప్పటికి అతని కంఠము తగ్గెను. టైరు ప్రక్కగోడపై తయారైన వారమును సంవత్సరమును నాలుగంకెలలో అచ్చువేసియుందురు, వంగి చూచితిమి. ఏడేండ్లు దాటియున్నవి.

అల్లుడు: టైర్లు మార్చెదను. అది వేఱు. కాని మీ మాటప్రకారమే అయినచో, బండ్లు చేయువారు బ్రేకులను ఏల పెంచుచు వచ్చిరి? ఇంగ్లండులో లాంచెస్టరు అను ఆయన 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు తీసికొన్నను, అది నిలదొక్కుకొనుటకు ఏబదియేండ్లు పట్టినది. 1953లో లెమాన్ పందెమున డిస్కు బ్రేకులతో పరుగెత్తిన జాగ్వారు నెగ్గినది. డ్రమ్ములవాండ్రు మలుపునకు ఎంతో ముందే వేగము తగ్గించుకొనుచుండగా, వీరు కడదాక పోయి అప్పుడు తొక్కగలిగిరి. చిన్నకార్ల మాటయే చెప్పుదునా? 1961లో మినీకి కూపరు అను పందెపుకార్ల నిపుణుడు ఇంజను బలము పెంచినప్పుడు, ముందు చక్రములకు ఏడు అంగుళముల డిస్కులు బిగించిరి. అవి చాలలేదు. రెండేండ్లకే, ఇంకను బలమైన కూపర్ ఎస్ వచ్చినప్పుడు, ఏడున్నర అంగుళములు చేసి, పెడలునకు తోడుగా సర్వోను చేర్చిరి. మన దేశముననే 2017లో బలేనో ఆరెస్ అని 102 అశ్వశక్తితో విడుదల చేసినప్పుడు, మామూలు బలేనోకు వెనుక డ్రమ్ములుండగా దీనికి నాలుగు చక్రములకును డిస్కులే పెట్టిరి. ఇంజను పెరిగినచోట బ్రేకు పెరిగినది. నేను ఇంజను పెంచితిని, బ్రేకు పెంచవద్దా?

మామ: నీవు చెప్పినవారందరును ఒక్కటి చేసిరి, బండినంతటిని ఒక్కచోట కూర్చుండి లెక్కవేసిరి. నీవు ముందు కాలిపరు మాత్రము మార్చెదవు. దాని పిస్టనులు పెద్దవైనచో నిండుటకు ఎక్కువ ఆయిలు వలెను. దానిని పంపు మాస్టరు సిలిండరేమో పాతదే. అప్పుడు పెడలు లోతునకు దిగును. ముందు పట్టు మరీ పెరిగినచో వెనుకచక్రములు తమ పాలు పని చేయవు. నాలుగు టైర్లు పంచుకొనవలసిన దానిని రెండు టైర్లే మోయును. ఆగు దూరము పెరిగినను పెరుగును. లేదా వెనుక డిస్కులు వేసి అక్కడి పట్టు మితిమీరినదా, తడిలో తోక తిరుగును. లారీ తోక తిరుగుట చూచినవానికి ఆ భయము చచ్చువరకు పోదు.

అల్లుడు: అందులకే పాత పిస్టను వైశాల్యమునకు సరిపోవు కాలిపరునే ఎంచుకొంటిని. బ్రేకు తొక్కగానే బరువు ముందుకు ఒరుగును. నూటికి డెబ్బది పాళ్లు పని ముందుచక్రములదే. ఆ ముందు జతను మాత్రమే, కొలతలు సరిచూచి మార్చినచో మీ ఆక్షేపణకు తావు లేదు.

మామ: ముందు జతయే యనుచున్నావు. మఱి వెనుక డిస్కులెందులకు?

అల్లుడు: దానికి మీరే సాక్షి, మామయ్యా! 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున ఈ తీరమునే తిత్లీ తుపాను తాకినప్పుడు, నందిగాం దగ్గర మీ లారీ నీటిలో నిలిచిపోయినదని ఎన్నిమారులు చెప్పలేదు? నీరు తీసిన పిమ్మట డ్రమ్ములలో బురద నిండి బ్రేకులు పట్టక, ఒక దినమంతయు విప్పి కడుగుకొంటిరి. డిస్కు బయట నుండును. రెండు తిరుగుళ్లలో నీటిని విదల్చివేయును. డ్రమ్ము లోపలికి పోయిన నీరు బయటికి రాదు.

నా మిత్రుడు ఆ దినమును తలచుకొని తలయూచెను. ఆ తుపాను గడచిన మరునాటి ఉదయమున ఉద్దానమును చూచినవారిలో నేనొకడను. తాతలనాటి కొబ్బరిచెట్లు ఒకే దిక్కునకు తలలు పెట్టి పడియుండెను. జీడిచెట్లు వేళ్లతో లేచి బాటలకు అడ్డముగా నొరిగియుండెను. ఏ ఊరినుండి ఏ ఊరికిని త్రోవ లేదు. చెట్టు మరల కాపునకు రావలెనన్న ఎన్నేండ్లు కావలెనో రైతు నోట వినుచు, నేను చెప్పవలసిన మాట దొరకక నిలువబడితిని. అందుచేత ఆ దినము ఎవ్వరి నోటనైన వచ్చినప్పుడు మేము కొంతసేపు వాదములు మరచుట మా ప్రాంతమున సహజము.

మామ: ఆ మాటలో నీవే నెగ్గితివి, నీటివిషయమున. కాని ఏడాదికి నీరు నాలుగు దినములు. ఉప్పుగాలి మూడువందల అరువది దినములు. నౌపడ ఉప్పుమడులప్రక్కగా భావనపాడు బాట పట్టి వచ్చిన బండి ఇనుము ఏమగునో చూడుము. రాత్రి ఆపిన కారు డిస్కుపై తెల్లవారునప్పటికే ఎఱ్ఱగా త్రుప్పు పూయును. అది మొదటి తొక్కుడులోనే రాలిపోవును. దానితో భయము లేదు. భయము కాలిపరు లోపలి పిన్నులతో. అవి నునుపుగా జరుగుచుండవలెను. ఉప్పు పట్టినచో బిగుసుకొనును. డ్రమ్మునకు మూత కలదు, డిస్కునకు లేదు. ఉన్న రెండు కాలిపరులనే కనిపెట్టి చూచుకొనలేనివాడవు, నాలుగింటిని చూచుకొనగలవా? చట్టపు మాటయు వినుము. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషనులోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతినే దృఢముగా చెప్పెను.

అల్లుడు: రిజిస్ట్రేషను పత్రమున బ్రేకు కొలతలు ఉండవు, మామయ్యా.

మామ: ఉండవు. ప్రమాదము జరిగిన దినమున బీమావాండ్రతో ఆ మాట నీవు చెప్పుకొనవలెను.

చట్టమును గూర్చి ఇద్దరును అంతటితో విడిచిరి. నాకును అది యీ వాదమునకు ముఖ్యముగా తోచలేదు. వెనుక డిస్కుల విషయమున ఎవరిది ఒప్పో నేను నేటికిని తేల్చుకొనలేకున్నాను. వరదను తలచినచో మేనల్లునిది, ఉప్పును తలచినచో మామది సబబుగా తోచును. కాని మామ నోట వెలువడిన ఆ పిన్నుల మాట నన్ను వదలలేదు. ముందుచక్రమొకటి విప్పి చూడరాదా యని అడిగితిని. మిల్లులో జాకీ యుండెను. చీకటిపడకముందే ఎడమవైపు ముందుచక్రము ఊడదీసిరి.

అక్కడ మేము చూచినది, గంటసేపు సాగిన వాదమును ఒక్క నిమిషములో వేఱు త్రోవకు త్రిప్పినది. డిస్కునకు బయటివైపు ప్యాడు సగము మిగిలియుండెను. లోపలివైపు ప్యాడు అరిగి, అరిగి, వెనుకనున్న ఇనుపరేకు డిస్కును తాకుటకు గోరంత దూరమున నుండెను. కాలిపరును చేతితో జరుపబోగా కదలలేదు. పిన్నులలో ఒకటి త్రుప్పుపట్టి బిగిసిపోయినది. పిస్టను లోపలి ప్యాడును నొక్కుచున్నది. కాలిపరు జరిగి రెండవ ప్యాడును లాగవలసియుండగా, జరుగుట మానివేసినది. అనగా అనంతగిరి దిగిన దినమున ఆ చక్రము వేడినంతటిని ఒక్క ప్యాడే భరించినది.

మేనల్లుడు నేలపై గొంతుకూర్చుండి ఆ రెండు ప్యాడ్లను చెరియొక చేతను పట్టుకొని చాలసేపు చూచుచుండెను. మామ ఆయనకు సహజమైన గట్టిగొంతుతో ఏమైన ననునేమోయని నేను వెరచితిని. ఆయన మెల్లగా వచ్చి ప్రక్కన కూర్చుండి, ఇంకొక ప్రశ్న మాత్రము వేసెను.

మామ: బ్రేకాయిలు ఎప్పుడు మార్చితివి?

అల్లుడు: పాతయజమాని ఇచ్చిన కాగితములలో మార్చినట్లున్నది. నేను కొనిన మూడేండ్లలో మార్చలేదు.

మామ: రెండేండ్లకొకమారు మార్చవలెను. మన గాలిలో నున్నంత తేమ ఎచ్చటనున్నది? ఆ ఆయిలు తేమను పీల్చుకొనును.

అల్లుడు: తెలియును. డాట్ 4 ఆయిలు కొత్తదైనచో కనీసము 230 డిగ్రీలవరకు మరగదు. నీరు పట్టిన పిమ్మట 155 డిగ్రీలకే మరగవచ్చును. మరగినచో లోన ఆవిరి బుడగలు పుట్టును. ఆయిలు నలగదు, ఆవిరి నలగును. నేను తొక్కినదంతయు ఆ బుడగలను నలుపుటకే చెల్లినది. అందుచేత పెడలు దిగిపోయినది. ఇదంతయు నాకు తెలియును, మామయ్యా. తెలిసియు చూచుకొనలేదు.

ఆ తుదిమాటను అతడు ఎంత బాధతో పలికెనో నేను వ్రాసి చూపలేను. పెద్దకాలిపరుల వెలలు, కొలతలు కంఠస్థము చేసినవాడు, తన బండి క్రిందికి ఒక్కమారు తొంగిచూచియుండలేదు. చాలమంది యువకులు ఇట్లే యున్నారు; వారిని నిందించుటకు నాకు మనసొప్పదు, ఏలన కొత్త వస్తువును గూర్చి చెప్పువారు నలుగురుందురు, ఉన్నదానిని విప్పి చూపువాడు ఎవ్వడును ఉండడు. ఆ సాయంకాలము ఆ పిల్లవానికి జాకీ పెట్టి చూపిన మామ దొరకెను.

ఆ అరిగిన ప్యాడును నా మిత్రుడు వ్రేళ్లతో తడవి, ముక్కువద్దకు తీసికొనిపోయి, ఇది దేనితో చేయుదురని అడిగెను. లారీ నడిపిన ముప్పది యేండ్లలో ఎన్ని జతలు మార్చియుండెనో, ఆ ప్రశ్న ఆయనకు అంతవరకు తోచలేదట.

అల్లుడు: పలు పదార్థముల మిశ్రమము. నారలు, లోహపుపొడి, గ్రాఫైటు, వీటినన్నింటిని పట్టియుంచు రెసిను. ఇంకొకటి కూడ కలదు, మామయ్యా, వినినచో మీరు నమ్మరు. జీడిపిక్క తొక్కనుండి తీయు నూనెను గట్టిపరచి, పొడిచేసి, బ్రేకు ప్యాడ్లలోను క్లచ్చి ప్లేట్లలోను కలుపుదురు. వేడి మారినను పట్టు ఒక్కతీరుగా నుండుటకు, కీచుమను చప్పుడు తగ్గుటకు అది తోడ్పడును. నూరేండ్లకు దగ్గరగా ప్రపంచమంతట వాడుచున్నారు.

మామ: మన పిక్కల నూనెయా?

అల్లుడు: ఈ మిల్లులోని తొక్కలో నుండునట్టి నూనెయే.

లోపల స్త్రీలు ఆ దినపు పని ముగించి చేతులు కడుగుకొనుచుండిరి. జీడినూనె తగిలిన వ్రేళ్లు నల్లబడి, చర్మము పొరలుపొరలుగా లేచును. వంటనూనె రాచుకొనియు, బూడిద అద్దుకొనియు పిక్కలు పగులగొట్టుదురు. ఆ మచ్చలు సబ్బుతో పోవు. వారి చేతులను కాల్చు ఆ ద్రవమే, ఎక్కడనో పొడియై, ప్యాడుగా మారి, ఒక తల్లిని ఇద్దరు బిడ్డలను అనంతగిరి మలుపులో లోయలోనికి పోకుండ పట్టినదని తలచినప్పుడు నాకు ఒడలు గగుర్పొడిచెను. ఆ చేతులకు మంచి తొడుగులు ఇప్పించవలెనని నేను నా మిత్రునితో అంతకుముందు పలుమారు చెప్పితిని. ఆ సాయంకాలము ఆయనే ఆ మాట నెత్తెను. ఇది బ్రేకుల ప్రస్తావనలో చేరదని ఎవరైన నన్నను, నాకు చేరినట్లే యున్నది.

మామ: అయినను ఆ నూనె కూడ కాలును గదా. మా పొయ్యిలో తొక్కయే కట్టెకు తోడు.

అల్లుడు: కాలును. ప్యాడు వేడి సుమారు మూడువందల డిగ్రీలు దాటి పోయినకొలది, రెసినును ఈ పొడియు మాడి ఆవిరులు విడుచును. ఆ ఆవిరులు ప్యాడునకును డిస్కునకును నడుమ చేరి పట్టును చెరచును. ఆ దినమున వచ్చిన కమరువాసన అదే. అందుచేత నేను నా మాటను పూర్తిగా విడువను, మామయ్యా. పిన్నులు బాగుచేసి, ఆయిలు మార్చి, టైర్లు వేసినను, ఆ కొండపై పుట్టు వేడి తగ్గదు. దానిని పుచ్చుకొను ఇనుము నాకు కావలెను.

మామ: రెండవ గేరులో దిగుము, వేడియే తగ్గును.

అల్లుడు: తగ్గును, పోదు.

ఆ రాత్రికి వాదము అక్కడనే ఆగెను. మరునాడు పలాసలో మేనల్లుడు తెచ్చిన వస్తువులలో ఎఱ్ఱకాలిపరులు లేవు. కారునకు మొదటినుండి ఉన్న కొలతకే సరిపోవు కొత్త ముందు డిస్కులు, కొంచెము ఎక్కువ వేడికి తాళు ప్యాడ్లు, కాలిపరు పిన్నులు, వాటి రబ్బరు తొడుగులు, వేడికి కరగని గ్రీజు, డాట్ 4 ఆయిలు సీసాలు. టైర్లకు శ్రీకాకుళము చెప్పిపెట్టెను. వెనుక డ్రమ్ములు విప్పి, దుమ్ము దులిపి, షూలు సరిచేసి, మరల మూసిరి.

పాత ఆయిలు తీయు పని నేను దగ్గరనుండి చూచితిని. మామ డ్రైవరు సీటులో కూర్చుండెను. మేనల్లుడు మాస్టరు సిలిండరునకు అన్నిటికంటె దూరమైన వెనుక ఎడమచక్రము వద్ద, నిపులునకు సన్నని గొట్టము తగిలించి, దాని కొనను గాజుసీసాలో ముంచి కూర్చుండెను. "తొక్కి పట్టు" అని క్రిందినుండి పిలుపు, "పట్టితిని" అని పైనుండి బదులు, నిపులు వదులగును, గొట్టమున ఆయిలు దిగును, నిపులు బిగియును, "వదులు." ఇట్లు ఒక్కొక్క చక్రమునకు పదిపదునైదు మారులు. మొదట వచ్చినది కషాయమువలె నల్లగానుండెను; తరువాత పలుచని టీరంగు; తుదకు తేనెనీటివంటి స్వచ్ఛమైన పసుపు. నడుమ నడుమ చిన్నచిన్న బుడగలు గొట్టమున పైకి ప్రాకునప్పుడు మేనల్లుడు వేలితో చూపి నన్ను పిలిచెను. ఇద్దరిలో ఎవ్వరును ఆ గంటసేపు ఒకరి మాట నొకరు కాదనలేదు. ఆ పనియే అట్టిది, ఒకరి పాదమును ఒకరి చేయియు కలియనిదే జరుగదు.

పొద్దుగూకుచుండగా ముగ్గురమును అక్కుపల్లి తీరపు బాట పట్టితిమి. కొత్త ప్యాడ్లు కొత్త డిస్కులతో కుదురుకొనవలెనన్నచో, ఖాళీబాటపై అరువది వేగమునకు పోయి, పూర్తిగా ఆపక, పదివరకు తగ్గించుచు, నడుమ కొంచెము దూరము చల్లారనిచ్చుచు, పదిమారులు చేయవలెను. జనసంచారము లేని చోటు చూచి మేనల్లుడు అట్లే చేసెను. ఆరవమారునకు కిటికీలోనుండి ఒక ఘాటైన వాసన లోనికి వచ్చెను. నేను కంగారుపడగా, కొత్త ప్యాడునకు ఇది సహజమేయని అతడు చెప్పెను. మామ మాత్రము కన్నులు మూసికొని దానిని లోనికి పీల్చి, మన మిల్లు వాసనయే యనెను.

సముద్రపుటంచున కారు ఆపి, చక్రములు చల్లారువరకు దిగి నిలుచుంటిమి. మేనల్లుడు హ్యాండుబ్రేకు వేయక, గేరును పీలో నుంచి, చక్రము క్రింద రాయి పెట్టెను. వేడి డ్రమ్మును పట్టియుంచరాదని మామ అంతకుముందే చెప్పియుండెను.

మామ: సంక్రాంతికి నీకు సెలవు గదా. మీ అమ్మను తీసికొని అందరమును అరకు పోవుదము. దిగునప్పుడు నేను నీ ప్రక్కన కూర్చుందును. కొండ దిగినపిమ్మట పెడలు వెండ్రుకవాసి మెత్తబడినను, ఆ ఎఱ్ఱకాలిపరులకు సొమ్ము నేనిచ్చెదను.

అల్లుడు: రెండవ గేరులోనేనా?

మామ: రెండవ గేరులోనే.

అల్లుడు: సరే. కాని అమ్మకు ఆ శ్రావణమాసపు సంగతి మీరే చెప్పి ఒప్పించవలెను. నా మాటమీద ఆమె ఆ కొండ మరల ఎక్కదు.

నా మిత్రుడు వంగి ముందుచక్రపు వేడిని అరచేతితో దూరమునుండి చూచి, ఇంకొక పది నిమిషములు ఆగుమని సైగచేసెను.